మేస్త్రీ తాతయ్య లెక్కల పుస్తకం

మా తాతయ్యకు చదువు రాదు. కీర్తనలు మాత్రం వందల కొద్దీ రాగంతో సహా నోటికి వచ్చు. మా కీర్తనల పుస్తకంలో ప్రతి పాటకూ పైన రాగం, తాళం పేర్లు అచ్చు వేసి ఉంటాయి. ఆ అక్షరాలు చదవలేని మనిషే మమ్మల్ని కూర్చోబెట్టి, ఇది ముఖారి, తొందరపడి పాడకూడదు, ఇది మోహన, గొంతు విప్పి పాడాలి అని నేర్పించేవాడు. గుండ్లకమ్మ నదికి దగ్గరలో ఉన్న మా పల్లెలో, పెంకుల కప్పు బాప్టిస్టు గుడిలో, పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆయనే. 1980ల మొదట్లో ఒక ఏడాది, సరిగ్గా ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలైనప్పుడు, తాతయ్య పాడడం మానేశాడు.

పశ్చాత్తాపం మీద ప్రసంగం ఎక్కడ విన్నా నాకు ఆ ఏడాదే గుర్తొస్తుంది. మారుమనస్సు గురించి బైబిల్లో చదివి అర్థం చేసుకునే వయసు రాకముందే దాన్ని మా వీధిలో చూశాను. ఉజ్జీవ కూడికల్లో ముందుకు వెళ్లి మోకరించి ఏడ్చేవాళ్లను నేను తక్కువ చేయను. ఆ కన్నీళ్లు నిజమైనవే. కానీ కన్నీళ్లు తుడుచుకుని ఇంటికి వచ్చిన మర్నాడు ఏం జరుగుతుందన్నది నాకు ఎప్పుడూ ముఖ్యం. తాతయ్య ఏటా కూడికల్లో ఏడ్చేవాడు. ఆ ఏడాది మర్నాడు కూడా ఉంది.

ఆయన పొగాకు పనికి ఆడకూలీలను తీసుకెళ్లే మేస్త్రీ. ప్రకాశం జిల్లా వాళ్లకు ఆ పని గురించి చెప్పనక్కర్లేదు. పచ్చాకు రెలుపు, అంటే మొక్క నుంచి ఆకు తెంపడం దగ్గర మొదలై, కర్రలకు కట్టి ఆకు కాల్చే బ్యారన్‌లోకి ఎక్కించడం, కాలిన ఆకును రంగును బట్టి వేరు చేయడం దాకా నెలల తరబడి ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తుంది. పచ్చాకు తెంపిన చేతులకు నల్లటి జిగురు పడుతుంది. సబ్బు ఎంత రుద్దినా వదలదు. ఆ చేత్తో అన్నం కలుపుకుంటే ముద్ద ముద్దకూ చేదే. మా నాయనమ్మ చేతులూ అంతే. ఆమె నాకు అన్నం కలిపి పెట్టేటప్పుడు గరిటెతో కలిపేది.

రైతుతో పని మాట్లాడడం, చీకటితోనే లేచి వీధి వీధీ తిరిగి ఆడవాళ్లను లేపడం, ట్రాక్టరు ఎక్కించడం, శనివారం సాయంత్రం రైతు ఇచ్చిన డబ్బు తెచ్చి పంచడం తాతయ్య పని. అందుకు రైతు ఆయనకు విడిగా ముట్టజెప్పేవాడు. అది చాలదన్నట్టు, రైతు ఒప్పుకున్న కూలిని తలకు రోజుకు అర్ధరూపాయి తగ్గించి ఆడవాళ్లకు చెప్పేవాడు. కొన్నేళ్లు ఇలాగే నడిచింది. వాళ్లకు తెలియక కాదు. అడిగితే మర్నాడు పిలుపు రాదు. ఆదివారం పొద్దున అదే ఆడవాళ్ల మధ్య డీకన్‌గా, అంటే సంఘం పనులు చూసే పెద్దగా నిలబడి, కానుకల సంచి పట్టేది తాతయ్యే.

ఇలా రాయడం మా ఇంట్లో కొందరికి నచ్చదు. పోయిన మనిషి తప్పు ఇప్పుడెందుకు అంటారు. ఆయనే గుడిలో అందరి ముందు చెప్పుకున్న సంగతి ఇది. దాన్ని దాచితే, ఆయన పడిన కష్టాన్ని కూడా దాచినట్టే అవుతుంది. అందుకే రాస్తున్నాను.

మా సంఘంలో పిడికెడు బియ్యం అనే ఆచారం ఉంది. ఎసరు పెట్టాక, వండడానికి కొలిచిన బియ్యంలో నుంచి ఇల్లాలు ఒక పిడికెడు తీసి విడిగా ఒక కుండలో వేస్తుంది. వారమంతా పోగైన బియ్యం ఆదివారం గుడికి తెచ్చి గంపలో పోస్తారు. ఆరాధన అయ్యాక కొలిచి వేలం వేస్తారు. ఆ డబ్బు అయ్యగారి, అంటే మా పాస్టరు జీతానికో, గుడి పెంకులు మార్చడానికో పనికొస్తుంది. కొలత తాతయ్య చేతుల మీద జరిగేది.

మా వీధి చివర భర్త పోయిన ఒక ఆమె ఉండేది. నాకు అత్త వరస. తాతయ్యను బాబాయ్ అనేది. ముగ్గురు పిల్లలు, తాటాకు ఇల్లు. ఆ శ్రమల దినాల్లో ఒక ఆదివారం ఆమె పాత చీర ముక్కలో మూటగట్టి తెచ్చిన బియ్యాన్ని తాతయ్య తవ్వతో కొలుస్తుంటే పొగాకు వాసన వచ్చింది. ఆమె పిడికిలి వాసన బియ్యానికి పట్టింది. ఆయన తవ్వ పట్టుకుని అలాగే ఉండిపోతే, పక్కనున్నవాళ్లు లెక్క తప్పాడేమో అనుకున్నారట. చాలా ఏళ్ల తర్వాత, మంచం మీద ఉన్నప్పుడు నాతో అన్నాడు: “నేను కోసుకున్నది పోను మిగిలిన కూలిలో నుంచి ఆ బిడ్డ దేవుడికి పిడికెడు తీసింది తల్లీ. దాన్ని మళ్లీ నా చేత్తో కొలుస్తున్నాను.”

ఆ రాత్రే అయ్యగారి ఇంటికి వెళ్లాడు. మా అయ్యగారు రామాయపట్నం సెమినరీలో చదువుకున్నారు. 1872లో మొదలైన ఆ సెమినరీ నుంచి వచ్చిన బోధకులు మా ప్రాంతంలో చాలామంది. మాట తక్కువ, మనిషి గట్టి. తాతయ్య చెప్పినదంతా విని ఆయన తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ఇంకొకడి భార్యను తీసుకున్న దావీదు రాజు దగ్గరికి నాతాను ప్రవక్త వచ్చి చెప్పిన కథ బైబిల్లో నుంచి చదివి వినిపించారు. మందలు మందలున్న ధనవంతుడు, ఇంటికి వచ్చిన అతిథి కోసం, పేదవాడు బిడ్డలా పెంచుకున్న ఒక్క గొర్రెపిల్లను లాక్కున్న కథ. ఆ ధనవంతుడెవరో వాడు చావదగినవాడని దావీదు మండిపడితే, ఆ మనిషివి నువ్వేనన్నాడు నాతాను. ఆ తర్వాత దావీదు పశ్చాత్తాపపడి పాడిన 51వ కీర్తన చదివారు. తాతయ్య ఆ కీర్తనను ఎన్నోసార్లు రాగం కట్టి పాడిన మనిషే. ఆ రాత్రి మాత్రం ఒక మాట దగ్గర ఆగిపోయాడు. దావీదు క్షమాపణ ఒక్కటే అడగడు. తన దగ్గర నుంచి పోయిన రక్షణానందాన్ని మళ్లీ ఇవ్వమని కూడా అడుగుతాడు. తన గొంతులో నుంచి పోయింది అదేనని తాతయ్యకు అర్థమైంది. పాటలు ఉన్నాయి, రాగాలు ఉన్నాయి, లోపల ఆనందం లేదు.

ఇద్దరూ మోకరించి ప్రార్థించారు. తర్వాత అయ్యగారు చెప్పిన మాటలను తాతయ్య చివరిదాకా మర్చిపోలేదు. “దేవుడు నిన్ను ఈ రాత్రే క్షమించాడు. నువ్వు డబ్బు తిరిగి ఇచ్చి దాన్ని కొనుక్కోలేవు. అది సిలువ మీద ఎప్పుడో చెల్లింది. కానీ ఆ డబ్బు నీది కాదు కదా, వాళ్లది. వాళ్లది వాళ్లకు ఇచ్చేయి.” వచ్చే నెల ప్రభువు బల్ల, అంటే గుడిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవచ్చా అని తాతయ్య అడిగితే, బలిపీఠం దగ్గర అర్పణ పెట్టేటప్పుడు సోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమని యేసు చెప్పిన మాట గుర్తు చేశారు. “ముందు ఆ ఇళ్లన్నీ తిరిగి రా” అన్నారు.

ఆయన ఇంకొక మాట కూడా అన్నారు. అది తాతయ్యకు సూటిగా తగిలింది. దానికి మా ప్రాంతపు పాత చరిత్ర కొంచెం చెప్పాలి.

1876 నుంచి 78 వరకు దక్షిణాదిని పట్టిన కరవును మా పెద్దలు ధాత కరవు అనేవారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. కరవు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తున్నారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అందులో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకున్నారు. వేరే చోట్ల పని చేయించేవాళ్ల చేతిలో తిట్లూ దెబ్బలూ తిని, కూలి సరిగా అందక తిరిగొచ్చిన మాదిగ కుటుంబాలు అక్కడికి చేరాయి. క్లౌ దగ్గరున్న తెలుగు బోధకులే పని మీద నిలబడ్డారు. ప్రయాసపడి భారం మోసే వారందరూ తన దగ్గరికి రావాలని యేసు పిలిచిన పిలుపును, మట్టి తట్టలు దించుకుని కాసేపు కూర్చున్నవాళ్లకు వినిపించేవారు.

అన్నం కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని, ఆ సాయం నడిచినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. సాయం నిలిచిపోయాక జనం వాళ్లంతట వాళ్లే వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలోకి దిగి ఇచ్చారు. క్లౌ స్వయంగా ఎవరికీ ఇవ్వలేదు. మా సంఘాల్లో ఆ అంకెను గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోవలసిందే. నాకు మాత్రం అంతకు ముందు తలుపు మూసి ఉంచిన నెలలంటే ఎక్కువ గౌరవం. చేతికి ఏమీ రాదని తెలిశాక కూడా వచ్చారంటే, వాళ్ల మనసు తిరిగిందని ఒప్పుకోక తప్పదు.

తాతయ్య తాత ఆ కాలువలో తట్ట మోసిన కుర్రాడని, వెల్లంపల్లిలో బాప్తిస్మం పొందినవారిలో ఒకడని మా ఇంట్లో చెప్పుకునేవారు. అయ్యగారికి ఆ సంగతి తెలుసు. “కాలువ పనిలో మీ తాత కూలి ఎవరూ కోయలేదు. అందుకే నువ్వు ఇవాళ ఇక్కడ ఉన్నావు” అన్నారు. తాతయ్య ఇంటికి వచ్చి ఆ రాత్రంతా అరుగు మీదే కూర్చున్నాడు.

మర్నాడు బడి నుంచి రాగానే నన్ను పిలిచి లెక్కల పుస్తకాలు ముందు పెట్టాడు. వాటిని తెరిచి చూడడం నాకు అదే మొదలు. పేర్లు రాయడం రాదు కాబట్టి, ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ వేసుకున్నాడు. ఒకామెకు చేట, ఇంకొకామెకు కొడవలి, చెవి కమ్మ, కోడిపెట్ట. వీధి చివరి అత్తకు చిన్న గంప. ప్రతి బొమ్మ పక్కనా పనికి వచ్చిన రోజుకో గీత, అయిదు కాగానే అడ్డగీత. గీతలు లెక్కపెట్టి, సగం చేసి, రూపాయలు రాయడం నాకు అప్పగించాడు. ఎందుకని నేను అడగలేదు. ఆయన చూపుడు వేలు గీతల వెంట జరుగుతూ, కొన్ని పేజీల దగ్గర వణకడం మాత్రం చూశాను. కొన్ని పాత పుస్తకాలను చెదలు తినేశాయి. వాటికి ఎంత వేయాలని అడిగితే అయ్యగారు, “అనుమానం ఉన్నచోట ఎక్కువ వేయి” అన్నారట.

మొత్తం కూడితే ఇంట్లో ఉన్న డబ్బు సగానికి కూడా రాలేదు. బైబిల్లో సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, నేను ఒకంతైనా ఇవ్వాలి కదా అని గేదెను అమ్ముతానన్నాడు. నాయనమ్మ భగ్గుమంది. ఆ గేదె ఆమెది. పాలు పోసి ఆమె పిల్లల్ని చదివించుకుంది. “నువ్వు చేసినదానికి నా గేదె పోవాలా?” అని రెండు రోజులు పలకలేదు. ఆమె కోపంలో న్యాయం ఉంది. మగవాడు పశ్చాత్తాపపడితే దాని ఖర్చు ఇంటి ఆడదాని మీద పడడం నేను తర్వాత కూడా చాలా చోట్ల చూశాను. మూడో రోజు ఆమే తాతయ్యను పిలిచి, “వాళ్లతో పాటు నేనూ ఆకు తెంపాను. నీ మీద ప్రేమతో కాదు, వాళ్ల కోసం ఇస్తున్నాను” అని పలుపు చేతికిచ్చింది. తర్వాత రెండేళ్లకు తాతయ్య మళ్లీ గేదెను కొనిచ్చాడు.

సాయంత్రాలు లాంతరు పట్టుకుని తాతయ్య, పుస్తకం పట్టుకుని నేను, ఇల్లిల్లూ తిరిగాం. గుమ్మం దగ్గర నిలబడి ఒకే మాట అనేవాడు: “నీ కూలిలో ఇంత కోసుకున్నానమ్మా. దేవుడి ముందు ఒప్పుకున్నాను, నీ ముందు ఒప్పుకుంటున్నాను. ఇది నీది.” సాకులు చెప్పలేదు. రైతు ఆలస్యంగా ఇచ్చేవాడనో, ఇంట్లో ఖర్చులనో ఒక్కచోట కూడా అనలేదు. కొందరు సిగ్గుపడి వద్దన్నారు. పెద్దవాడివి, నువ్వు ఇలా రావడమేమిటి అన్నారు. వాళ్ల గడప మీద డబ్బు పెట్టి వచ్చాడు. ఒకామె అప్పటికే చనిపోతే, కొత్తపట్నంలో కాపురమున్న ఆమె కూతురికి బస్సులో వెళ్లి ఇచ్చి వచ్చాడు. ఒకామె నవ్వి, “మాకు తెలియదనుకున్నావా అన్నా?” అంది. ఆ నవ్వు తాతయ్యకు తిట్టుకంటే ఎక్కువ బాధ కలిగించిందని తర్వాత చెప్పాడు.

వీధి చివరి అత్త ఇంటికి ఆఖరున వెళ్లాం. ఆమె చేట ముందు పెట్టుకుని రాళ్లు ఏరుతోంది. తాతయ్య మాట విని చేతులు ఆపలేదు. చేటలోని గింజలు అటూ ఇటూ జరుపుతూనే ఉంది. చాలాసేపటికి తలెత్తింది. “పెద్దోడికి జ్వరం వచ్చినప్పుడు ఒంగోలు తీసుకెళ్లడానికి నీ దగ్గరికే వచ్చి అప్పు అడిగాను బాబాయ్. ఇచ్చావు. నా డబ్బే నాకు అప్పు ఇచ్చావు” అంది. తాతయ్య తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె డబ్బు తీసుకుని, లాంతరు వెలుగులో ఒక్కో నోటూ లెక్కపెట్టుకుంది. క్షమించానని అనలేదు. వెళ్లమని కూడా అనలేదు. మేమే వచ్చేశాం.

దారిలో తాతయ్య కళ్లు తుడుచుకుంటుంటే నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఆ మాటే అన్నాను. ఆయన నడక ఆపి, “ఆమెను ఏమీ అనకు. క్షమించమని దేవుణ్ని అడగవచ్చు. ఆమెను తొందరపెట్టే హక్కు నాకు లేదు” అన్నాడు. తప్పు ఒప్పుకున్నవాళ్లు వెంటనే క్షమాపణ చేతిలో పెట్టమని ఎదురుచూడడం, పెట్టకపోతే ఎదుటివాళ్ల భక్తిని అనుమానించడం మన సంఘాల్లో తరచూ కనిపిస్తుంది. అలాంటప్పుడల్లా నాకు ఆ దారిలో తాతయ్య అన్నది గుర్తొస్తుంది.

సంగతి గుడిలో చెప్తానన్నప్పుడు తోటి పెద్దలు వారించారు. సంఘం పరువు పోతుందన్నారు. ఇచ్చేశావు కదా, చాలన్నారు. ఆయన వినలేదు. మంచి శుక్రవారం ముందు ఆదివారం లేచి నిలబడి, నాలుగు మాటల్లో చెప్పి, గుడి డబ్బుల పెట్టె తాళంచెవి అయ్యగారి ముందు పెట్టాడు. మళ్లీ తీసుకోమని కొన్నేళ్ల తర్వాత అడిగినా తీసుకోలేదు.

ఈస్టర్ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లాడు. రొట్టె ముక్క చేతిలోకి తీసుకుని తినడానికి చాలాసేపు పట్టింది. పాట మాత్రం వెంటనే రాలేదు. క్షమాపణ దొరికిన రోజే ఆనందం కూడా వచ్చేస్తుందని మనం అనుకుంటాం. తాతయ్యకు అలా జరగలేదు. ముందు నిద్ర వచ్చింది. ఏళ్లుగా అర్ధరాత్రి లేచి అరుగు మీద కూర్చునే మనిషి తెల్లవారేదాకా పడుకుంటున్నాడని నాయనమ్మ అందరికీ చెప్పుకుంది. తర్వాత ప్రార్థనలు పొట్టివయ్యాయి. ఇదివరకు ఎంతసేపైనా గంభీరంగా సాగదీసేవాడు. ఇప్పుడు ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు నాలుగు మాటలు చెప్పి ఆమేన్ అనేవాడు. వానకాలంలో ఒక పొద్దున పేడ ఎత్తుతూ తనలో తాను మోహన రాగంలో పాడుకుంటుంటే విన్నాను. నాయనమ్మ వంటింట్లో నుంచి బయటికి వచ్చి, ఏమీ అనకుండా విని లోపలికి వెళ్లింది. ఆ ఆదివారం నుంచి గుడిలో మళ్లీ ఆయన గొంతు వినిపించింది. వయసుతో కొంచెం బొంగురుపోయింది కానీ, నేను ఆయన దగ్గర నేర్చుకున్న పాటలన్నీ ఆ తర్వాతివే.

అత్త చాలాకాలం ముభావంగానే ఉంది. పనికి వచ్చేది, కూలి లెక్కపెట్టుకుని వెళ్లేది. ఆమె పెద్ద కూతురి పెళ్లి కుదిరినప్పుడు మా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడి, “పెళ్లిలో పాట నువ్వే ఎత్తాలి బాబాయ్” అంది. తాతయ్య ఆ పెళ్లికి కొత్త పంచె కొనుక్కున్నాడు.

మేస్త్రీ పని ఆయన ఆ ఏడాదే మానేస్తాడని ఊరంతా అనుకుంది. అయ్యగారు వద్దన్నారు. బాప్తిస్మమిచ్చే యోహాను సుంకం వసూలు చేసేవాళ్లను ఆ ఉద్యోగం మానేయమనలేదు, నియమించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు, నువ్వూ అదే చేయి అన్నారు. అప్పటి నుంచి శనివారం సాయంత్రం రావిచెట్టు కింద రైతు ఇచ్చిన మొత్తం ఎంతో ముందు పైకి చెప్పి, నా చేత లెక్క అందరికీ వినపడేలా చదివించి, అప్పుడు పంచేవాడు. నేను ఒంగోలు కాలేజీకి వెళ్లాక మా తమ్ముడు చదివేవాడు. తాతయ్య తర్వాత వచ్చిన మేస్త్రీ మా గుడికి వచ్చేవాడు కూడా కాదు. మొదటి శనివారం లెక్క చదవకుండా డబ్బు పంచబోతే, వీధి చివరి అత్త చెయ్యి చాచకుండా నిలబడి, “ముందు చదువు” అందట. మిగతావాళ్లూ ఆమె వెనకే నిలబడ్డారు. అతను చదివాడు.